పట్టా వాళ్లది, పంట మనది

మా ఉప్పునుంతల వైపు కౌలు చేసే మనిషికి ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. పట్టాదారు పాసుపుస్తకం ఆసామి బీరువాలో ఉంటుంది. దుక్కి దున్నేది, పత్తిగింజ పెట్టేది, మూడు రూపాయల మిత్తికి తెచ్చి మందు కొట్టేది కౌలుదారు. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఆ సాయం పట్టా ఎవరి పేరున ఉందో వాళ్ల ఖాతాలోనే పడింది. చేనంతా కౌలుదారు అడుగుజాడలే. కాగితంలో మాత్రం అతని పేరు వెతికినా దొరకదు.

విదేశంలో కంపెనీ స్పాన్సర్‌షిప్ మీద పనిచేసే మన పిల్లలది కూడా ఒక రకంగా కౌలు బతుకేనని మా మేనల్లుడి విషయంలో నాకు తెలిసొచ్చింది. వాడు అచ్చంపేటలో ఇంటర్ చదివి, మెల్‌బోర్న్ వెళ్లి వంట కోర్సు చేసి, అక్కడే ఒక రెస్టారెంట్‌లో కుదిరాడు. యజమాని తెలుగాయనే. చెఫ్ ఉద్యోగానికి వీడి పేరు నామినేట్ చేస్తూ దరఖాస్తు పెట్టాడు. కొన్ని నెలల తర్వాత ఒక రాత్రి నాకు వాట్సాప్‌లో ఫోటోలు వచ్చాయి. కింద ఇలా రాసి ఉంది: "మామా, నామినేషన్ రిజెక్టయింది. కాయితం నా పేరున లేదు, ఓనర్ పేరున ఉంది. మరి నేనేం చేయాలె?"

ఈ అధ్యాయం ఆ ప్రశ్నకు జవాబు. ముందే ఒక మాట చెప్పేస్తాను. అప్పీలు చేసే హక్కు యజమానిది. కానీ ఆ అప్పీలు సకాలంలో పడేలా, బలంగా పడేలా చూడాల్సిన అవసరం మీది. హక్కు నాది కాదు కదా అని చేతులు కట్టుకుని కూర్చున్నవాళ్లే ఎక్కువగా నష్టపోతారు.

ముందు మెట్లు తెలుసుకోండి

ఆస్ట్రేలియాలో ఈ వ్యవహారం మూడు మెట్లుగా నడుస్తుంది. మొదట కంపెనీ తాను స్పాన్సర్‌గా ఆమోదం తెచ్చుకోవాలి. తర్వాత ఫలానా ఉద్యోగానికి ఫలానా మనిషి కావాలని నామినేషన్ వేయాలి. మూడోది వీసా, అది మాత్రమే ఉద్యోగి దరఖాస్తు. పాత 457 వీసా 2018 మార్చి 18న పోయి దాని చోట 482 వచ్చింది. 2024 డిసెంబర్ 7 నుంచి అదే 482 నంబరు మీద స్కిల్స్ ఇన్ డిమాండ్ అనే పేరు వచ్చింది. శాశ్వత నివాసానికి కంపెనీ తరఫున వేసేది 186. పేర్లు, నంబర్లు మారినా రెండో మెట్టు ఎప్పుడూ యజమానిదే.

అందుకే రెండు తిరస్కరణలు వస్తాయి. నామినేషన్ పోయిందన్న ఉత్తరం కంపెనీకి వెళ్తుంది. ఆమోదం పొందిన నామినేషన్ లేదు కాబట్టి వీసా ఇవ్వలేమన్న ఉత్తరం కొన్ని రోజులకో వారాలకో ఉద్యోగికి వస్తుంది. చాలామంది ఈ రెండో ఉత్తరం చూశాకే ఉలిక్కిపడతారు. అప్పటికి మొదటి ఉత్తరం గడువు సగం కరిగిపోయి ఉంటుంది.

మా వాడి విషయంలో జరిగింది అదే. నామినేషన్ తిరస్కరణ మెయిల్ యజమాని జంక్ ఫోల్డర్‌లో పదిహేడు రోజులు పడి ఉంది. ఆయన పండగ సీజన్ రద్దీలో ఉన్నాడు, చూడలేదు. ఆస్ట్రేలియా చట్టం లెక్కలో మెయిల్ పంపిన రోజు ముగిసేసరికే అది అందినట్టు. తెరిచారా లేదా, జంక్‌లోకి పోయిందా అన్నది వాళ్లకు అనవసరం. నామినేషన్ నిర్ణయం మీద రివ్యూ కోరడానికి 28 రోజులు. ఆ 28లో శని, ఆదివారాలు కూడా కలుస్తాయి. వలస నిర్ణయాల విషయంలో గడువు దాటితే మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కు లేదు. ఒంట్లో బాగాలేదన్నా, ఏజెంటు మోసం చేశాడన్నా తలుపు తెరుచుకోదు. మా వాడికి మిగిలింది పదకొండు రోజులు.

కాబట్టి నామినేషన్ వేసిన రోజునే యజమానిని ఒకటి అడిగి పెట్టుకోండి: దరఖాస్తులో ఏ మెయిల్ ఐడీ ఇచ్చారు, దాన్ని రోజూ ఎవరు చూస్తారు అని. అడగడానికి మొహమాటపడకండి. ఒకవేళ తిరస్కరణ వస్తే ఉత్తరం మీది తేదీ, మెయిల్ వచ్చిన తేదీ, గడువు ముగిసే తేదీ మూడూ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, రోజూ కంటపడే చోట అంటించండి. చివరి రోజు దాకా ఆగకుండా కనీసం వారం ముందు దరఖాస్తు పడేలా చూడండి.

దరఖాస్తు వెళ్లాల్సిన చోటు అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రిబ్యునల్. 2024 అక్టోబర్ 14 దాకా ఈ పని ఏఏటీ అనే పాత ట్రిబ్యునల్ చేసేది, ఆ రోజు నుంచి దీనికి బదిలీ అయింది. ఏఏటీ పేరు ఇప్పటికీ చాలామంది నోట్లో ఉంది. పాత సలహాలు, పాత గడువులు చెప్పేవాళ్లు కూడా ఉంటారు, జాగ్రత్త. ఫీజు మూడున్నర వేల ఆస్ట్రేలియా డాలర్ల పైచిలుకు. అనుకూలంగా తీర్పు వస్తే అందులో సగం తిరిగి ఇస్తారు.

ఎందుకు తిరస్కరించారో రెండుసార్లు చదవండి

తిరస్కరణ ఉత్తరంతోపాటు డెసిషన్ రికార్డ్ అని ఇంకో పత్రం ఉంటుంది. అసలు సంగతంతా అందులోనే. దాన్ని కంపెనీకే పంపుతారు కాబట్టి ఒక కాపీ మీరు అడిగి తీసుకోవాలి. "రిజెక్టయిందట" అన్న ఒక్క మాట మీద ఎవరూ సలహా చెప్పలేరు. ఏ డాక్టరైనా రిపోర్టు చూడకుండా మందు రాస్తాడా?

చదివేటప్పుడు ఒక్కటే ప్రశ్న వేసుకోండి. వాళ్లు ఎత్తిచూపిన లోపం ఇప్పుడు సరిదిద్దగలిగేదా, కాదా? ట్రిబ్యునల్ కేసును మొదటి నుంచి తిరిగి చూస్తుంది. అప్పుడు ఇవ్వని ఆధారాలు ఇప్పుడు ఇవ్వవచ్చు. కింది అధికారి నమ్మనిదాన్ని ట్రిబ్యునల్ సభ్యుడు నమ్మవచ్చు. ఉద్యోగం నిజమైనది కాదన్న అనుమానం, కంపెనీ ఆర్థిక పరిస్థితి మీద సందేహం, మార్కెట్ జీతానికి ఆధారం చూపలేదన్న అభ్యంతరం, ఇలాంటివన్నీ ఆధారాలతో గెలవగల విషయాలు.

కొన్ని లోపాలు అలా కావు. 482 నామినేషన్ వేయడానికి ముందే స్థానికుల కోసం కనీసం నాలుగు వారాలు ఉద్యోగ ప్రకటనలు ఇవ్వాలి, అందులో చెప్పాల్సిన వివరాలన్నీ చెప్పాలి. అది అప్పుడు చేయకపోతే ఇప్పుడు వెనక్కి వెళ్లి చేయలేం. జీతం కనీస పరిమితికి తక్కువ చూపించినా అంతే. ఏళ్ల తరబడి 53,900 డాలర్ల దగ్గర ఆగిన ఆ పరిమితి 2023 జూలైలో 70,000కు, 2024లో 73,150కి, 2025 జూలై 1న 76,515కు పెరిగింది. పాత అంకె నమ్ముకుని దరఖాస్తు వేసిన చిన్న కంపెనీలకు ఇక్కడే దెబ్బ తగులుతుంది. ఇటువంటి కారణంతో పోయినప్పుడు అప్పీలు మీద ఆశ పెట్టుకుని ఏళ్లు కూర్చోవడం ఎండిన బోరుకు మళ్లీ మోటారు దించడమే. కంపెనీ కొత్త నామినేషన్ సరిగ్గా వేయడం దగ్గరి దారి. ఈ తేడా మొదటి వారంలోనే తేల్చుకోవాలి.

తేల్చేది ఎవరు? ఆస్ట్రేలియాలో వలస సలహా ఇవ్వాలంటే రిజిస్టర్డ్ మైగ్రేషన్ ఏజెంటో, లాయరో అయి ఉండాలి. రిజిస్టర్డ్ ఏజెంటుకు ఏడు అంకెల నంబరు ఉంటుంది. ఓమారా అనే ప్రభుత్వ కార్యాలయం నడిపే జాబితాలో ఆ నంబరు వెతికి చూడవచ్చు, పైసా ఖర్చు లేదు. అమీర్‌పేటలో బోర్డు పెద్దగా ఉన్నంత మాత్రాన, అన్నయ్య ఫ్రెండు పని అక్కడే అయినంత మాత్రాన అది అర్హత కాదు. అలాగే నామినేషన్ వేసి పోగొట్టిన ఏజెంటునే అప్పీలుకు కూడా పెట్టుకునే ముందు ఇంకొకరి అభిప్రాయం ఒకసారి తీసుకోండి. తన తప్పు తానే పట్టుకోవడం ఎవరికైనా కష్టం.

యజమానితో ఎలా మాట్లాడాలి

ఇది అన్నిటికన్నా కష్టమైన భాగం. మా వాడు రెండు రోజులు ఆ మాట ఎత్తలేకపోయాడు. "అన్న నాకు అన్నం పెట్టిండు మామా, ఇప్పుడు పోయి అప్పీలు చేయమని ఎట్లడగాలె?" అన్నాడు. వాడి భయం నాకు అర్థమైంది. పాలమూరు లేబర్ అని పేరుపడిన మన జిల్లా మనుషులు నాగార్జునసాగర్ దగ్గర్నుంచి దేశమంతా ఆనకట్టలకు మట్టి మోశారు. మేస్త్రి బయానా ఇచ్చి తీసుకుపోతాడు, లెక్క మేస్త్రి పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం చూపించమని అడగడం మన పెద్దలకు అలవాటు కాలేదు. ఆ అడగలేకపోవడం రెండు తరాలు దాటి, విమానమెక్కి, మెల్‌బోర్న్ దాకా పోయింది.

యజమానిని అడిగేటప్పుడు మీ కష్టం చెప్పి బతిమాలడంతో మొదలుపెట్టకండి. ఆయన వ్యాపారంతో మొదలుపెట్టండి. ఈ తిరస్కరణ ఆయన ఫైలులో కూడా ఉండిపోతుంది. ఉద్యోగం నిజమైనది కాదని ఒక ప్రభుత్వ అధికారి రాస్తే, రేపు ఇంకొకరికి నామినేషన్ వేసినప్పుడు అదే అనుమానం ముందుకు వస్తుంది. మేనల్లుడికి నేను చెప్పిన మాటలు ఇవి: "అన్నా, గడువు ఫలానా తేదీతో అయిపోతది. కారణం ఇది. దీనికి జవాబు మన దగ్గర ఉంది, కాగితాలు నేను పోగేస్తా. మీరు సంతకం పెట్టి ఏజెంటుతో ఒక్క గంట కూర్చుంటే చాలు." పని తగ్గించి చూపిస్తే ఎవరైనా ఒప్పుకుంటారు. ఆయనా ఒప్పుకున్నాడు.

అయితే ఒప్పుకుంటూనే ఒక మెలిక పెట్టాడు. ట్రిబ్యునల్ ఫీజు, ఏజెంటు ఫీజు వీడే పెట్టుకోవాలన్నాడు. ఇక్కడ చట్టం స్పష్టంగా ఉంది. స్పాన్సర్‌షిప్‌కు, నామినేషన్‌కు అయ్యే ఖర్చు ఉద్యోగి మీద వేయకూడదన్నది స్పాన్సర్ తలకెత్తుకున్న బాధ్యత. నామినేషన్ వేసేటప్పుడు కట్టే శిక్షణ లెవీ కూడా కంపెనీదే. స్పాన్సర్‌షిప్ ఇచ్చినందుకు డబ్బు తీసుకోవడం, ఇవ్వడం రెండూ 2015 డిసెంబర్ 14 నుంచి శిక్షకు గురయ్యే పనులు. మీరు కట్టాల్సింది మీ వీసా ఫీజు, మీ వీసా రివ్యూ ఫీజు. వీడు గొడవ పెట్టుకోలేదు, ఏజెంటు చేతనే ఆ నిబంధన చెప్పించాడు. మూడో మనిషి నోట విన్నప్పుడు మాట మెత్తగా దిగుతుంది. కంపెనీ కార్డు మీదే ఫీజు కట్టారు.

కాగితం మీద వంటిల్లు

మా వాడి డెసిషన్ రికార్డ్‌లో కారణం ఒక పేరాలో ఉంది. రెస్టారెంట్‌కు ఇప్పటికే ఇద్దరు చెఫ్‌లు ఉన్నారు, ఇంకొకరి అవసరం కనిపించడం లేదు, ఇచ్చిన ఉద్యోగ వివరణ వృత్తుల జాబితాలో ఉన్న వాక్యాలే, ఈ వ్యాపారానికి సంబంధించిన మాట ఒక్కటీ లేదు. అధికారి రాసిన చివరి మాట నిజమే. ఆ వివరణ నేను చదివాను. మెనూలు తయారు చేయుట, సిబ్బందికి శిక్షణ ఇచ్చుట, ఆహార నాణ్యత పరిశీలించుట అన్న ధోరణిలో ఉంది. ఏ ఊళ్లో ఏ హోటల్‌కైనా సరిపోతుంది. రెడీమేడ్ దుస్తుల్లా ఉన్న ఆ వివరణే ఉద్యోగం ఉత్తిదేనేమో అన్న అనుమానం పుట్టించింది.

పదకొండు రోజుల్లో దరఖాస్తు పడింది. ఆధారాలు ఆ తర్వాత కూడా ఇవ్వవచ్చు కాబట్టి వాటిని నింపాదిగా తయారు చేశారు. మొదట మామూలు ఒక వారం వంటగదిని రాశారు. పొద్దున పది గంటలకు ఎవరు వస్తారు, దోశ పిండి ఎవరు చూస్తారు, తందూర్ మీద ఎవరు, శుక్ర శనివారాల్లో బిర్యానీ హండీలు ఎవరు దించుతారు, కేటరింగ్ ఆర్డర్ ఉన్నప్పుడు వంటగదిలో ఎవరు మిగులుతారు అని. అలా రాస్తే తెలిసింది, ఇద్దరు చెఫ్‌లలో ఒకరు వారానికి మూడు రోజులే వస్తున్నారు. ఈ సంగతి మొదటి దరఖాస్తులో ఎవరూ చెప్పలేదు. సిబ్బంది పటంలో రెండు డబ్బాలు గీసి, రెండింట్లోనూ చెఫ్ అని రాశారు. అధికారి ఆ రెండు డబ్బాలే చూశాడు.

తర్వాత ఆ వివరణకు సాక్ష్యం పెట్టారు. ఆర్నెల్ల డ్యూటీ రోస్టర్లు, జీతాల చిట్టాలు, పన్ను శాఖకు మూడు నెలలకోసారి వేసే వ్యాపార రిటర్నులు, అకౌంటెంట్ ఉత్తరం, లీజు పత్రం, కూర్చునే చోటు ఫోటోలు, మెనూ కార్డు, కేటరింగ్ బిల్లులు. మెనూ కార్డు, కూర్చునే చోటు ఎందుకంటే, చెఫ్, కుక్ ఉద్యోగాలకు ఫాస్ట్‌ఫుడ్, టేకవే కొట్లు పనికిరావన్న షరతు 457, 482 వీసాల్లో ఉంటూ వచ్చింది. మీది పూర్తిస్థాయి రెస్టారెంట్ అని చూపడానికి వంద వాక్యాలకన్నా ఒక మెనూ, నాలుగు ఫోటోలు మేలు. మీ వృత్తి వంట కాకపోవచ్చు. మెకానిక్ అయితే వర్క్‌షాప్ జాబ్ కార్డులు, సాఫ్ట్‌వేర్ అయితే ప్రాజెక్టు ఒప్పందాలు, నర్సు అయితే షిఫ్ట్ చార్టులు ఆ పని చేస్తాయి. పని జరుగుతున్న చోట తనంతట తానే పుట్టే కాగితం, అప్పీలు కోసం కొత్తగా రాయించిన కాగితం కన్నా ఎన్నో రెట్లు విలువైనది.

మూడు జాగ్రత్తలు. ట్రిబ్యునల్ సమాచారం అడుగుతూ ఉత్తరం రాస్తే దానికీ గడువు ఉంటుంది, అది దాటితే హియరింగ్‌లో మాట్లాడే అవకాశమే పోవచ్చు. తీర్పు వచ్చే నాటికి కంపెనీ స్పాన్సర్ ఆమోదం అమల్లో ఉండాలి. అది సాధారణంగా అయిదేళ్లకు ముగుస్తుంది, మధ్యలో ముగిస్తే గెలిచే కేసు కూడా ఓడిపోతుంది. వ్యాపారం నడుస్తూ ఉండాలి, మీరు ఆ ఉద్యోగానికి కట్టుబడి ఉండాలి. హియరింగ్‌లో మీరు పార్టీ కారు, కానీ సాక్షిగా మాట్లాడవచ్చు. పిలిపించమని యజమాని తరఫున ముందే అడిగించండి. బట్టీపట్టి వెళ్లకండి. మీ పని గురించి మీకన్నా తెలిసినవాళ్లు ఆ గదిలో ఉండరు.

మీ వీసా సంగతి

ఇక్కడ వరస తప్పితే మొత్తం తప్పుతుంది. ఆస్ట్రేలియాలో ఉండి 482కు దరఖాస్తు చేసినవారికి వీసా తిరస్కరణ మీద సొంతంగా రివ్యూ కోరే హక్కు ఉంది. కానీ ఆ రివ్యూ వేసే రోజుకు నామినేషన్ ఆమోదంలో ఉండాలి, లేదా నామినేషన్ తిరస్కరణ మీద యజమాని రివ్యూ నడుస్తూ ఉండాలి. అంటే ఆయన దరఖాస్తు ముందు పడాలి, మీది ఆ తర్వాత. ముందు మీది వేసి, ఆయన వేయకుండా ఊరుకుంటే మీ దరఖాస్తు నిలబడదు. ఇండియాలోనే ఉండి వీసా వేసినవారికి ఈ దారి సాధారణంగా ఉండదు. వాళ్లకు కొత్త నామినేషనే చాలాసార్లు త్వరగా తేలే పని.

నామినేషన్ పోయి వీసా ఇంకా పోని ఆ కొద్ది రోజుల సందులో ఒక నిర్ణయం తీసుకోవాలి. వీసా తిరస్కరణ ఒకసారి పడితే, వలస చట్టం 48వ సెక్షన్ ప్రకారం దేశంలో ఉండగానే వేరే వీసాకు దరఖాస్తు చేసే దారులు చాలావరకు మూసుకుపోతాయి. తిరస్కరణ పడకముందే దరఖాస్తు వెనక్కి తీసుకుంటే ఆ అడ్డంకి రాదు. అయితే రివ్యూ హక్కు కూడా ఉండదు, దరఖాస్తు తేలే దాకా ఉండనిచ్చే బ్రిడ్జింగ్ వీసా 35 రోజుల్లో ముగుస్తుంది. రెండూ సరైన దారులే కావచ్చు, మీ పరిస్థితిని బట్టి. తెలియకుండా ఒక దారిలో పడిపోవడం మాత్రం మంచిది కాదు. ఇప్పటికే 482 చేతిలో ఉండి కొత్త నామినేషన్ పోయినవారికి కాస్త ఊపిరి ఉంది. ఉద్యోగం పోతే ఇంకో స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి ఇదివరకు 60 రోజులే ఇచ్చేవారు, 2024 జూలై 1 నుంచి అది ఒక విడతకు 180 రోజులైంది. ఆ మార్పు వెనక ఉద్దేశం ఒక్కటే, యజమాని గుప్పిట్లోంచి మనిషిని కాస్త వదులు చేయడం.

ట్రిబ్యునల్‌లో కూడా ఓడిపోతే 35 రోజుల్లో కోర్టుకు వెళ్లవచ్చు. కోర్టు నామినేషన్ మంచిదా చెడ్డదా అని చూడదు, ట్రిబ్యునల్ చట్టం తప్పిందా అని మాత్రమే చూస్తుంది. లాయరు స్పష్టంగా ఫలానా చోట తప్పు జరిగిందని చూపిస్తేనే ఆ ఖర్చుకు దిగండి.

అమెరికాలో ఒక తెలుగు ఇంటిపేరు

మన జిల్లా పిల్లలు ఎక్కువగా ఉన్నది అమెరికాలో. అక్కడ కూడా హెచ్1బి పిటిషన్ కంపెనీదే. తిరస్కరిస్తే ఐ-290బి ఫారం మీద 30 రోజుల్లో, నిర్ణయం తపాలాలో వచ్చి ఉంటే 33 రోజుల్లో కంపెనీయే అప్పీలు చేయాలి. ఉద్యోగి సంతకం చెల్లదు. అప్పీలు నడుస్తున్నంత మాత్రాన ఉండే హక్కు కూడా రాదు. అందుకే అసలు యుద్ధం అప్పీలు దాకా రాకముందే, అదనపు ఆధారాలు అడిగే ఆర్ఎఫ్ఈ దగ్గరే జరగాలి. దానికి గరిష్ఠంగా 84 రోజులు ఇస్తారు.

ఉద్యోగిని అసలు లెక్కలోకే తీసుకోని ఈ పద్ధతిని ఒక కేసు కొంత కదిలించింది. మంతెన వర్సెస్ జాన్సన్ అని దాని పేరు. ఆ ఇంటిపేరు తెలుగువారికి చెప్పనక్కర్లేదు. కేసు వేసినామె కంప్యూటర్ ప్రోగ్రామర్. పాత కంపెనీ ఆమె గ్రీన్‌కార్డ్ కోసం వేసిన ఐ-140 పిటిషన్ ఆమోదం పొందింది, తర్వాత చట్టం ఇచ్చిన వెసులుబాటుతో ఆమె వేరే కంపెనీకి మారింది. పాత కంపెనీ పెద్ద ఇంకో వ్యవహారంలో మోసం ఒప్పుకోవడంతో, వలస శాఖ ఆ కంపెనీ పిటిషన్లన్నీ తిరగదోడింది. ఈమె పిటిషన్ రద్దు చేస్తామన్న నోటీసు పాత కంపెనీకే పంపింది. ఆమెకు గానీ, కొత్త కంపెనీకి గానీ చెప్పలేదు. జవాబు రాలేదు, పిటిషన్ రద్దయింది, దాంతోపాటు గ్రీన్‌కార్డ్ దరఖాస్తూ పోయింది. కింది కోర్టులో ఆమె ఓడిపోయింది. 2015 డిసెంబర్ 30న సెకండ్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ తీర్పును పక్కన పెట్టి, ఇక ఏ ఆసక్తీ లేని పాత కంపెనీకి మాత్రమే నోటీసు పంపితే సరిపోదని చెప్పింది. 2017 నవంబర్‌లో వలస శాఖ అప్పీళ్ల కార్యాలయం కూడా ఒక మెట్టు దిగింది. ఇలా నిబంధనల ప్రకారం ఉద్యోగం మారిన ఉద్యోగులు ఐ-140 రద్దు విషయంలో నోటీసు పొందడానికి, ఎదురు చెప్పుకోవడానికి అర్హులేనని నిర్ణయించింది.

ఈ కేసు చదివినప్పుడల్లా నాకు కౌలుదారు గుర్తొస్తాడు. చేను దున్నేవాడికి కూడా కబురు చెప్పాలని ఒక కోర్టు చేత అనిపించడానికి ఒక మనిషి ఏళ్లపాటు నిలబడాల్సి వచ్చింది. ఆ నిర్ణయం పరిధి చిన్నదే. మామూలు హెచ్1బి తిరస్కరణకు అది వర్తించదు. అయినా ఆ చిన్న గట్టు మీద ఎంతోమంది నిలబడ్డారు.

బ్రిటన్‌లో దారి వేరు. స్పాన్సర్ ఇచ్చిన సర్టిఫికెట్ మీద ఉద్యోగి వీసా వేస్తాడు, పోతే అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ అతనే కోరవచ్చు. లోపల ఉంటే 14 రోజులు, బయట ఉంటే 28. కెనడాలో కంపెనీ తెచ్చుకోవాల్సిన ఎల్ఎంఐఏ అనే పత్రం తిరస్కరిస్తే మామూలు అప్పీలు లేదు. ఫెడరల్ కోర్టు తలుపు తట్టాలంటే 15 రోజులే.

ఇంటి దగ్గరివాళ్ల పని

ఉప్పునుంతలలో ఉన్న తల్లిదండ్రులకు ఒక మాట. వాడు ఫోన్‌లో "పనైతలేదు" అన్నప్పుడు మొదట అప్పు ఎట్ల కట్టాలన్న ప్రశ్న మీ నోటి వరకు వస్తుంది. ఆ ప్రశ్న న్యాయమైనదే. దాన్ని ఒక వారం ఆపండి. ఆ మొదటి వారం వాడికి తల నిలకడగా ఉండాలి. మీవల్ల అయ్యే పని వేరే ఉంది. హైదరాబాద్‌లో పనిచేసిన హోటల్ నుంచి అనుభవ పత్రం తేవడం, జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంట్లు తీయించడం, సర్టిఫికెట్లు మీసేవ సెంటర్‌లో తేటగా స్కాన్ చేయించి పంపడం. మొబైల్‌తో వంకరగా తీసిన ఫోటోలు పంపకండి. ఈ సమయంలోనే "నేను ట్రిబ్యునల్‌లో మాట్లాడి పెడతా" అంటూ ఎవరో ఒకరు వస్తారు. ట్రిబ్యునల్‌లో మాట్లాడి పెట్టేదంటూ ఏమీ ఉండదు. వాళ్లకు భూమి కుదువబెట్టిన డబ్బు ఇవ్వకండి.

మా అక్కకు చదువు అయిదో తరగతి దాకానే. ఈ గొడవ మొదలైనప్పటి నుంచి ఆమె దగ్గర ఒక ఆకుపచ్చ ఫైలు ఉంది. నామినేషన్ కాపీ, డెసిషన్ రికార్డ్, ట్రిబ్యునల్ రసీదు, ఒప్పంద పత్రం, జీతం చిట్టాలు అన్నీ అచ్చంపేటలో ప్రింట్ తీయించి అందులో పెట్టాం. అది బీరువాలో పాసుపుస్తకం పక్కన ఉంటుంది. హియరింగ్ తేదీ ఇంకా రాలేదు. వాడు బ్రిడ్జింగ్ వీసా మీద అదే వంటగదిలో పనిచేస్తున్నాడు. అక్క కేసు నంబరు కేలండర్ వెనక రాసుకుంది. ప్రతి ఆదివారం వాడు ఫోన్ చేయగానే తిన్నావా అని అడిగాక ఆమె అడిగే రెండో మాట ఒక్కటే: "మీ ఓనర్ మెయిల్ చూసిండా బిడ్డా, ఆ జంక్‌ల గూడ చూడమన్నవా?"